సి.సి., ఓ.ఎస్., ఓ.పి. - అమలాపురంలోనూ, అమెరికాలోనూ



మన గోడపత్రిక ప్రశ్నల డబ్బాలో ఈ నెల పడ్డ చీటీల్లో మూడు అమెరికా కోర్టుల గురించే ఉన్నాయి. ఒకరు ‘‘అక్కడ మనిషిని చంపితే ఏం శిక్ష వేస్తారు?’’ అని అడిగారు. ఇంకొకరు ‘‘అక్కడ దావా వేస్తే కోట్లకి కోట్లు వస్తాయంట, నిజమా?’’ అన్నారు. మూడో చీటీ మాత్రం అడ్డదిడ్డం అక్షరాలతో, ఎవరో ఏడుస్తూ రాసినట్టుంది. ‘‘మాకు తెలిసిన అక్కని వాళ్ళాయన ఇక్కడే వదిలేసి అమెరికా పోయాడు. అక్కడి కోర్టులో విడాకుల కాగితం తీసుకుని పోస్టులో పంపాడు. ఆ కాగితం ఇక్కడ చెల్లుతుందా?’’ అని. పేరు రాయలేదు. రాయకపోయినా ఫర్వాలేదు.

ఈ మూడింటికీ జవాబు రాయమని సంపాదకవర్గం నాకు అప్పగించింది. ఎందుకంటే మా నాన్న అంబాజీపేటలో కొబ్బరికాయల వలుపు పనికి కుదిరాడు, మా బాబాయి అమలాపురంలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమస్తా. సెలవులన్నీ నాకు కోనసీమలోనే గడుస్తాయి. బాబాయి కేసు కట్టలు సర్దుతుంటే పక్కన కూర్చుని అడగడమే నా పని. ‘‘నీకెందుకే ఇయ్యన్నీ’’ అంటూనే చెబుతాడు.

ముందు ఆ కట్టల సంగతి చెప్పాలి. ప్రతి కట్ట మీదా ఒక నంబరు, నంబరుకి ముందు రెండక్షరాలు ఉంటాయి. సి.సి. అని ఉంటే క్రిమినల్ కేసు. ఓ.ఎస్. అని ఉంటే సివిల్ దావా. ఓ.పి. అని ఉండి, లోపల పెళ్ళి ఫొటో, శుభలేఖ కుట్టి ఉంటే అది కుటుంబం కేసు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఏ కోర్టుకి పోయినా ఈ అక్షరాలే. చట్టం అనే ఇంటికి మూడు గదులున్నాయని, ఏ గదిలోకి వెళితే ఆ గది పద్ధతే నడుస్తుందని అనుకుంటే సగం అర్థమైనట్టే.

మన కళ్ళ ముందు ఉండేదే తీసుకుందాం. అర్ధరాత్రి ఒకడు పక్కవాడి తోటలో దూరి కాయలు దింపుకు పోయాడు. అది దొంగతనం, సి.సి. అవుతుంది. ఇంకోచోట అన్నదమ్ములిద్దరికీ గట్టు దగ్గర తేడా వచ్చింది. ఆ వరస చెట్లు నావంటే నావని ఇద్దరూ అంటున్నారు. ఇందులో దొంగ ఎవరూ లేరు, హక్కు ఎవరిదో తేలాలి. ఇది ఓ.ఎస్. ఇక అదే తోట ఉన్న ఆసామి పెళ్ళాన్ని పుట్టింటికి తోలేసి తిండికి పైసా పంపడంలేదు. ఆవిడ వేసేది కుటుంబం కేసు. తోట ఒకటే, గదులు మూడు.

ఇప్పుడు అమెరికాకి పోదాం. అక్కడ మొదట తెలుసుకోవలసింది ఏమిటంటే, చట్టం ఒక్కటి కాదు. మనకి దేశమంతా ఒకే శిక్షాస్మృతి. 2024 జూలై 1 నుంచి పాత ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది గాని, అదీ దేశమంతటికీ ఒకటే. అమెరికాలో యాభై రాష్ట్రాలకి యాభై శిక్షాస్మృతులు, యాభై రకాల పెళ్ళి చట్టాలు ఉంటాయి. వీటిమీద దేశం మొత్తానికి ఫెడరల్ చట్టం వేరే. రాష్ట్ర కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు.

మొదటి చీటీకి జవాబు మన తెలుగువాడి కేసులోనే ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలో ఒలేథా అనే ఊళ్ళో, హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ ని ఒకడు ‘మా దేశంలోంచి పో’ అని అరిచి తుపాకీతో కాల్చి చంపాడు. పక్కనున్న స్నేహితుడికీ, అడ్డుపడ్డ ఒక అమెరికా కుర్రాడికీ గాయాలయ్యాయి. కేసు నడిపింది శ్రీనివాస్ భార్య కాదు, కాన్సస్ రాష్ట్రం. క్రిమినల్ గది పద్ధతి అక్కడా ఇక్కడా ఇదే. చచ్చిపోయింది ఒకరింటి మనిషే అయినా నేరం అందరి మీదా జరిగినట్టు లెక్క, ఫిర్యాది ప్రభుత్వమే. అందుకే ఆ ఇంటివాళ్ళు ‘పోనీలెండి, వదిలేశాం’ అన్నా హత్య కేసు ఆగదు. ఆ హంతకుడు తానే నేరం ఒప్పుకున్నాడు. 2018 మే నెలలో కాన్సస్ కోర్టు జీవితఖైదు వేసింది, 50 ఏళ్ళ దాకా పెరోలు అడగడానికి వీల్లేదంది. అదే ఏడు ఆగస్టులో ఫెడరల్ కోర్టు, జాతి ద్వేషంతో చేసిన నేరానికి మళ్ళీ జీవితఖైదు వేసింది. ఒకే పనికి రెండు కోర్టులు ఎలా శిక్ష వేశాయని నేనూ అడిగాను. రాష్ట్రం ఒక దొర, దేశం ఇంకో దొర, ఇద్దరి ఆజ్ఞా మీరాడు కాబట్టి ఇద్దరూ శిక్షించవచ్చని అక్కడి న్యాయం.

ఉరి సంగతి కూడా రాష్ట్రాన్ని బట్టే. కొన్ని రాష్ట్రాల్లో మరణశిక్ష ఉంది, కొన్నిట్లో ఎత్తేశారు. నేరాలు పెద్దవి, చిన్నవి అని రెండు రకాలు. ఏడాదికి మించి జైలు పడే వాటిని ఫెలొనీ అంటారు, అంతకు తక్కువ వాటిని మిస్డిమీనర్ అంటారు. సినిమాల్లో చూపించే జ్యూరీ నిజమే. పెద్ద నేరాలకు మామూలుగా పన్నెండు మంది ఊరి జనాన్ని కూర్చోబెడతారు. దోషి అనాలంటే పన్నెండు మందీ ఒకే మాట మీద ఉండాలి. రెండు రాష్ట్రాల్లో అలా లేకపోతే 2020లో వాళ్ళ సుప్రీంకోర్టు అంతటా అలాగే ఉండాలంది. మనకీ ఒకప్పుడు జ్యూరీ ఉండేది గాని, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తర్వాత క్రిమినల్ కేసుల్లో లేదు. అయితే సినిమాలో చూపించనిది ఒకటుంది. అక్కడ చాలా కేసులు జ్యూరీ దాకా పోవు. నేరం ఒప్పుకో, శిక్ష తగ్గిస్తామని బేరం జరుగుతుంది. నాకైతే ఇది అంబాజీపేట మార్కెట్లో కాయల బేరంలాగే అనిపించింది. తప్పు చెయ్యనివాడు కూడా భయపడి ఒప్పుకుంటే ఏంటి పరిస్థితి?

రెండో చీటీ డబ్బు గురించి. ఇక్కడ కూడా మన అమ్మాయి కథే చెప్పాలి, చెప్పడానికి కష్టంగానే ఉంది. కర్నూలు జిల్లా ఆదోని నుంచి చదువుకోవడానికి వెళ్ళిన కందుల జాహ్నవి, 23 ఏళ్ళది. 2023 జనవరి 23న సియాటిల్ లో రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దేసింది. గంటకి 25 మైళ్ళు పోవలసిన రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ళ దాకా పోయింది. మన లెక్కలో దగ్గర దగ్గర 120 కిలోమీటర్లు. ఆ తర్వాత ఇంకో పోలీసు ఫోనులో ఆమె చావు గురించి నవ్వుతూ మాట్లాడింది రికార్డయి బయటపడింది, అతని ఉద్యోగం పోయింది.

అయినా 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటరు, కారు నడిపిన పోలీసు మీద పెద్ద నేరం కేసు పెట్టలేమన్నారు. అతను తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేశాడని ‘సందేహానికి తావులేకుండా’ రుజువు చెయ్యలేమని వాళ్ళ మాట. ఇది చదివి మా గదిలో అందరికీ కోపం వచ్చింది. నాకు ఇప్పటికీ ఉంది. కాని కోపం వచ్చినా సంగతి తెలుసుకోవాలి. క్రిమినల్ గదిలో రుజువు కొలత అంత ఎత్తుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ మనిషిని జైల్లో పెడతారు. సివిల్ గదిలో కొలత వేరు. కొత్తకొబ్బరి తూచే కాటా చూశారు కదా, ఒక పళ్ళెం వెంట్రుకవాసి కిందకి దిగినా ఆ పక్కే బరువన్నట్టు. ఎవరి మాట ఎక్కువ నిజంగా కనబడితే వారిది గెలుపు. ఓడినవాడు జైలుకి పోడు, డబ్బు కడతాడు. అందుకే 2024లో జాహ్నవి కుటుంబం తరఫున ఆ నగరం మీద, ఆ పోలీసు మీద 11 కోట్ల డాలర్లకు సివిల్ దావా వేశారు. క్రిమినల్ తలుపు మూసుకున్నా సివిల్ తలుపు విడిగా ఉంటుందన్నమాట.

ఈ తేడాకి అమెరికాలో అందరికీ తెలిసిన కేసు ఓ.జె. సింప్సన్ ది. ఆయన పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. మాజీ భార్యనీ, ఆమె స్నేహితుణ్ణీ చంపాడని కేసు పెడితే 1995 అక్టోబరు 3న జ్యూరీ నిర్దోషి అంది. 1997లో అదే చావుల మీద సివిల్ దావాలో ఇంకో జ్యూరీ, చావులకి బాధ్యుడు ఇతనేనని 3 కోట్ల 35 లక్షల డాలర్లు కట్టమంది. నిర్దోషి డబ్బు ఎందుకు కట్టాలి అంటే, ఇందాకటి కాటా గుర్తు తెచ్చుకోండి.

మన దగ్గర ఇలాంటి పెద్ద మొత్తాలు కోర్టులు వెయ్యడం అరుదు. కోనసీమలోనే మామిడికుదురు మండలం నగరంలో 2014 జూన్ 27న గెయిల్ గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. అప్పుడు కంపెనీ, ప్రభుత్వాలు కలిపి చనిపోయిన ఒక్కొక్కరికి 25 లక్షలు ప్రకటించాయి. తప్పు ఎవరిది, జైలుకి ఎవరు పోవాలి అన్నది ఒక ప్రశ్న. పోయిన ప్రాణానికి, కాలిన ఇంటికి, మాడిపోయిన చెట్లకి ఎవరు కట్టాలి అన్నది ఇంకో ప్రశ్న. డబ్బు ఇచ్చేశాం కాబట్టి మొదటి ప్రశ్న అడక్కండి అనడానికి వీల్లేదు.

సరే, ఇక మూడో చీటీ. దీనికే ఎక్కువ చోటు కావాలని మిగతావి గబగబా రాశాను.

అమెరికాలో పెళ్ళి, విడాకులు, పిల్లల పెంపకం అన్నీ ఆయా రాష్ట్రాల చేతుల్లో ఉంటాయి. ఒకప్పుడు అక్కడా విడాకులు కావాలంటే ఎదుటివాళ్ళ తప్పు చూపించాలి. 1970 నుంచి కాలిఫోర్నియాలో ఆ పద్ధతి మారింది. ‘మా కాపురం ఇక అతికేది కాదు’ అంటే చాలు, తప్పు ఎవరిదని అడగరు. తర్వాత అన్ని రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి, ఆఖరున 2010లో న్యూయార్కు. మన హిందూ వివాహ చట్టంలో ఇప్పటికీ ఆ కారణం లేదు. క్రూరత్వం, వదిలేసి పోవడం లాంటివి చూపించాలి, లేదా ఇద్దరూ ఇష్టపడి కలిసి అడగాలి. కాపురం అతకదన్న ఒక్క కారణం మీద విడాకులిచ్చే అధికారం, రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకి ఉందని మన సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. అది సుప్రీంకోర్టుకే, అమలాపురం కోర్టుకి కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చీటీకి జవాబు ఇందులోనే ఉంది.

ఇప్పుడు తిరుపతి కేసు. సుప్రీంకోర్టు దీని మీద 1991 జూలై 9న తీర్పు చెప్పింది, లా చదివేవాళ్ళందరికీ ఇది పాఠం. ఆ భార్యాభర్తల పేర్లు మనకెందుకు. వాళ్ళకి 1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో హిందూ పద్ధతిలో పెళ్ళయింది. 1978లో విడిపోయారు. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులకు వేశాడు. ఆ రాష్ట్రంలో 90 రోజులుంటే చాలు, కేసు వెయ్యొచ్చు. భార్య ఇక్కడినుంచే, ఆ కోర్టుకి ఈ కేసు వినే అధికారం లేదంటూ జవాబు పంపింది. ఆమె పోలేదు, పోవడానికి ఎక్కడి డబ్బు? 1980 ఫిబ్రవరి 19న ఆమె లేకుండానే డిక్రీ ఇచ్చేశారు. కారణం, కాపురం అతకదని. భర్త 1981 నవంబరు 2న యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

భార్య ఊరుకోలేదు. బతికున్న భార్య ఉండగా రెండో పెళ్ళి నేరం అని క్రిమినల్ కేసు పెట్టింది. మేజిస్ట్రేటు కోర్టులో ఓడిపోయింది, అమెరికా విడాకులు ఉన్నాయి కదా అన్నారు. ఆమె హైదరాబాదులో హైకోర్టుకి వెళ్ళి గెలిచింది. అప్పుడు భర్త సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. అక్కడ ఆయన సంగతి ఇంకొకటి బయటపడింది. అంతకుముందే తిరుపతి సబ్-కోర్టులోనూ విడాకుల ఓ.పి. ఒకటి వేశాడు, అందులో తాను ఉండేది లూసియానా రాష్ట్రంలో న్యూ ఆర్లియన్స్ అని రాసుకున్నాడు. అంటే మిస్సోరీ ఆయనకి ఇల్లు కాదు, విడాకుల కోసం మజిలీ.

సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షను ప్రకారం విదేశీ కోర్టు తీర్పుని కళ్ళు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదు. ఏ చట్టం కింద పెళ్ళయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టులో, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద విడాకులు ఇచ్చి ఉండాలి. లేదంటే మూడు సందర్భాల్లో చెల్లవచ్చునంది. ఎదుటి మనిషి ఆ దేశంలోనే స్థిరంగా ఉంటూ, కారణం మన చట్టంలో ఉన్నదే అయితే ఒకటి. ఎదుటి మనిషి తన ఇష్టంతో ఆ కోర్టుకి వచ్చి, మన చట్టంలోని కారణం మీదే వాదించుకుని ఉంటే ఒకటి. అసలు విడాకులకి తనే ఒప్పుకుని ఉంటే ఇంకొకటి. నోటీసు పంపేశాం, రాలేదు, మేమేం చేస్తాం అంటే సరిపోదని కూడా ఆ తీర్పులో ఉంది. రావడానికి, అక్కడ ఉండడానికి, ప్లీడర్ని పెట్టుకోవడానికి ఆమెకి స్తోమత ఉందా, ఏర్పాటు జరిగిందా అని చూడాలి. బస్సు చార్జీ లేక వాయిదాకి పోలేని మనవాళ్ళు ఎంతమంది! ఆ తీర్పు రాసినవారు అది ఆలోచించారని తెలిసి నాకు సంతోషం వేసింది.

కాబట్టి చీటీ రాసిన మిత్రురాలా, మీ అక్కకి చెప్పు. ఆవిడ హిందూ వివాహ చట్టం కిందకి వచ్చే మనిషయితే, తను వెళ్ళకుండా, ఒప్పుకోకుండా, మన చట్టంలో లేని కారణంతో తెచ్చిన కాగితం దానంతటది ఆమె పెళ్ళిని ఇక్కడ తెంచదు. పోస్టులో వచ్చిన ఏ కాగితం మీదా ‘నాకు సమ్మతమే’ అని సంతకం పెట్టకూడదు. కవరు, దాని మీది తేదీ ముద్ర కూడా దాచాలి. బాబాయి ఈ మాట రెండుసార్లు చెప్పాడు.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి దారి ఇంత తిన్నగా లేదు. సియాటిల్ లో కాపురమున్న ఒక తెలుగు జంటలో తల్లి, అక్కడి కోర్టు మాట కాదని బిడ్డని హైదరాబాదు తీసుకొచ్చేస్తే, 2013లో మన సుప్రీంకోర్టు బిడ్డని అమెరికా తీసుకెళ్ళమనే చెప్పింది. 2017లో ఇంగ్లండుకి సంబంధించిన వేరే కేసులో మాత్రం, విదేశీ కోర్టు ఏమన్నా సరే బిడ్డ మేలే ముందు చూడాలంది. ఎత్తుకొచ్చిన పిల్లల్ని తిరిగి పంపాలని 1980లో హేగ్ లో దేశాలు రాసుకున్న ఒప్పందం ఒకటుంది. అమెరికా అందులో ఉంది, మన దేశం చేరలేదు. అందువల్ల ఏ బిడ్డ కేసు ఆ బిడ్డదే.

ఇంతవరకూ చదివి ‘మరి మన సంగతేంటి?’ అని ఎవరైనా అడిగారా? అడగాలి. హిందూ వివాహ చట్టం 2వ సెక్షనులో రెండో క్లాజు ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. మన పెళ్ళి, మన విడిపోవడం మన ఆచారం ప్రకారమే. మా కొండరెడ్లలో పెద్దకాపు ముందు కూర్చుని మాట్లాడుకుంటారు. మీ కోయల్లో, వాల్మీకుల్లో మీ పెద్దలున్నారు. ఇది మనకి గౌరవమే. కాని ఇందులో ఒక ముల్లు ఉంది, మన ఆడపిల్లలం తెలుసుకోవాలి.

తిరుపతి భార్య రెండో పెళ్ళి నేరమని కేసు పెట్టగలిగింది. ఎందుకంటే హిందూ వివాహ చట్టం రెండో పెళ్ళిని చెల్లదని అంటుంది. అదే 2001లో ఇద్దరూ గిరిజనులైన ఒక జంట కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. భార్య ఉరావు, భర్త సంతాల్. మా ఆచారంలో ఒక్కతే భార్య అని ఆమె చెప్పింది. అయితే రెండో పెళ్ళి చెల్లదు అనే ఆచారం ఫలానా అని స్పష్టంగా చెప్పి, రుజువు చెయ్యలేదని కోర్టు కేసు కొట్టేసింది. అంటే ఆచారం ఉందంటే చాలదు, అది ఎప్పట్నుంచి ఎలా నడుస్తోందో సాక్ష్యం కావాలి. మన ఆచారాలు పుస్తకంలో లేవు, ముసలివాళ్ళ నోట్లో ఉన్నాయి. మా తాత చెప్పేవన్నీ నోటుబుక్కులో రాయడం నేను మొదలుపెట్టింది ఇందుకే.

అలాగని మనకి ఏ చట్టమూ లేదనుకోవద్దు. భార్యకి, పిల్లలకి, ముసలి తల్లిదండ్రులకి మనోవర్తి ఇవ్వాలన్న చట్టం కులం, తెగ, మతం చూడదు. ఇది ముందు 125వ సెక్షను, ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144. ఇంట్లో కొడితే 2005 నాటి గృహహింస చట్టం మనకీ ఉంది. పద్దెనిమిది నిండని ఆడపిల్లకి పెళ్ళి చెయ్యకూడదన్న 2006 చట్టం మనకీ ఉంది, ఆచారమని తప్పించుకోలేరు. పోయిన ఏడాది మన తొమ్మిదో తరగతిలో ఖాళీ అయిన బెంచీ గురించి అందరికీ తెలుసు గనుక ఇంక రాయను. భూమి తగాదా అయితే దారి ఇంకా వేరు. ఏజెన్సీలో 1/70 కేసు రంపచోడవరం స్పెషల్ డిప్యూటీ కలెక్టరు గారి దగ్గరికి పోతుంది. అది ఇంకో సంచికకి సరిపడా ఉంది.

అమెరికాలోనూ మనలాంటివాళ్ళున్నారు. వాళ్ళే అక్కడి మొదటి మనుషులు. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట ప్రభుత్వం వాళ్ళ పిల్లలకి హాస్టలు బడి పెట్టింది. అలాంటివి తర్వాత వందలు వచ్చాయి. పిల్లల జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. మన హాస్టల్లో సంతోషంగా మన పాట పాడుకుంటున్నాం కాబట్టి ఇది చదివితే వింతగా ఉంటుంది. ఆ బడుల గురించి 2024 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పాడు. బడులే కాదు, కుటుంబ కోర్టులు, సంక్షేమ శాఖలు కూడా ‘మీ ఇంట్లో పెంపకం బాలేదు’ అని పిల్లల్ని తీసుకుపోయి తెల్లవాళ్ళకి పెంపుడిచ్చేవి. నూటికి పాతిక నుంచి ముప్పై అయిదు మంది పిల్లలు అలా ఇల్లు వదిలిపోయారని లెక్క తేలాక 1978లో ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ యాక్ట్ తెచ్చారు. ఇక్కడ ఇండియన్ అంటే మనం కాదు, వాళ్ళు. ఆ చట్టం ప్రకారం బిడ్డని ఇంట్లోంచి తియ్యాల్సి వస్తే ఆ తెగకి కబురు పంపాలి, తెగ మాట వినాలి. పెంపుడివ్వాలంటే ముందు బంధువులకి, తర్వాత అదే తెగవాళ్ళకి, ఆ తర్వాత వేరే తెగవాళ్ళకి. ఇది చెల్లదని కొందరు దావా వేస్తే 2023 జూన్ లో అక్కడి సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా, చెల్లుతుందని తీర్పిచ్చింది. నవాహో అనే పెద్ద తెగకి సొంత కోర్టులే ఉన్నాయి. అందులో పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేసే పద్ధతి 1982 నుంచి నడుస్తోంది. మా పెద్దకాపుకి ఎవరూ ఇంకా కోర్టు అని పేరు పెట్టలేదు.

చివరగా ప్లీడరు ఫీజు సంగతి, ఎందుకంటే మూడు గదుల తలుపులూ దాంతోనే తెరుచుకుంటాయి. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో గిడియన్ అనే పేదవాణ్ణి ఒక బిలియర్డ్సు ఆట దుకాణంలో దొంగతనం చేశాడని పట్టుకున్నారు. ప్లీడర్ని పెట్టమంటే పెట్టలేదు, అయిదేళ్ళ జైలు వేశారు. అతను జైల్లో కూర్చుని పెన్సిలుతో, చేతిరాతతో సుప్రీంకోర్టుకి అర్జీ రాసుకున్నాడు. 1963లో కోర్టు, పెద్ద నేరం కేసులో పేదవాడికి ప్రభుత్వమే ప్లీడర్ని ఇవ్వాలంది. మళ్ళీ విచారణ జరిపితే ప్లీడరు సాయంతో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. కాని ఆ హక్కు క్రిమినల్ గదికే. ఇల్లు పోతున్నా, విడాకుల కేసు నడుస్తున్నా అక్కడి పేదవాళ్ళు మామూలుగా తమ బాధ తామే పడాలి.

ఈ ఒక్క విషయంలో మన చట్టం వాళ్ళకంటే మెరుగని బాబాయి అంటాడు, నాకూ అలాగే అనిపించింది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగల వాళ్ళకి, షెడ్యూల్డు కులాల వాళ్ళకి, ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయం ఎంతని అడక్కుండా ప్లీడర్ని ఉచితంగా ఇవ్వాలి. సి.సి. అయినా, ఓ.ఎస్. అయినా, ఓ.పి. అయినా సరే. కోర్టు ఆవరణలోనే మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది. తెల్లకాగితం మీద తెలుగులో అర్జీ రాసి ఇస్తే చాలు. పెన్సిలుతో రాసినా తీసుకుంటారా అని అడిగితే బాబాయి నవ్వి, ‘‘పెన్నుతో రాయండే, చెరిగిపోకుండా’’ అన్నాడు. ఫోను నంబరు 15100. వార్డెన్ మేడమ్ అనుమతిస్తే ఈ నంబరు ఆఫీసు గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాస్తాను. నా దగ్గర ఎర్ర స్కెచ్ పెన్ను ఉంది.